తొందర లేని హోరు

2020 జూన్ 23న, కరోనాతో జనం ఇళ్లకే పరిమితమైన రోజుల్లో, అమెరికాకు చెందిన 'హమ్' అనే రాక్ బ్యాండ్ చెప్పాపెట్టకుండా ఓ ఆల్బమ్ విడుదల చేసింది. దాని పేరు 'ఇన్‌లెట్'. వీళ్ల ముందటి ఆల్బమ్ వచ్చింది 1998లో! ఇరవై రెండేళ్ల తర్వాత తిరిగొచ్చిన బ్యాండ్లు చాలావరకు పాత పేరు మీదే నెట్టుకొస్తాయి. హమ్ అలా చేయలేదు. వాళ్ల ఆల్బమ్‌లన్నింటిలో ఇంత నిదానమైనదీ ఇంత బరువైనదీ ఇదే. నా లెక్కలో అన్నింటికన్నా గొప్పది కూడా ఇదే.

హమ్‌ది ఇల్లినాయ్ రాష్ట్రంలోని షాంపేన్. మన పిల్లలు ఎందరో చదువుకుంటున్న ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న ఊరే. మాట్ టాల్బట్ పాడుతూ గిటార్ వాయిస్తాడు. రెండో గిటార్ టిమ్ లాష్‌ది, బేస్ జెఫ్ డింప్సీది, డ్రమ్స్ బ్రయన్ సెయింట్ పియర్‌వి. 1995లో ఆర్‌సీఏ అనే పెద్ద కంపెనీ ద్వారా వచ్చిన ఆల్బమ్‌లోని 'స్టార్స్' పాట అమెరికా రేడియోల్లో మారుమోగింది. 1998 ఆల్బమ్ మాత్రం కంపెనీ ఆశించినట్టు అమ్ముడుపోలేదు. 2000 చివరికల్లా బ్యాండ్ చెదిరిపోయింది.

వీళ్ల సంగీతానికి ఒక వేరు 'షూగేజ్'లో ఉంది. ఎనభైల చివర బ్రిటన్, ఐర్లాండ్ కుర్రాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. వేదిక మీద వాళ్ల చూపంతా కాళ్ల దగ్గరుండే పెడళ్ల మీదే. ఫజ్ పెడల్ గిటార్ నాదాన్ని గరుకుగా, మందంగా మారుస్తుంది. డిలే దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. రివర్బ్ పెద్ద హాల్లో వాయించినట్టు ప్రతిధ్వని జోడిస్తుంది. మై బ్లడీ వాలెంటైన్ బ్యాండ్ 1991లో తెచ్చిన 'లవ్‌లెస్' ఈ బాటలో మైలురాయి. అందులో కెవిన్ షీల్డ్స్ గిటార్‌కుండే ట్రెమొలో కడ్డీని పట్టుకునే తీగలు మీటి, స్వరాలన్నీ ఊగిసలాడేలా చేశాడు.

హమ్ ఆ మబ్బులాంటి నాదానికి మెటల్ సంగీతపు బరువు కట్టింది.

బరువుకూ నిదానానికీ ఇక్కడ విడదీయలేని సంబంధం ఉంది. తీగ బిగువు తగ్గిస్తే శ్రుతి దిగుతుంది. అలా దిగిన స్వరానికి ఫజ్, రివర్బ్ తోడైతే దాని కార్వ చాలాసేపు సాగుతుంది. గబగబా వాయిస్తే ఒకదాని మీద ఒకటి పడి అంతా ముద్దయిపోతుంది. అందుకే వీళ్లు ఆగి ఆగి వాయిస్తారు. తొమ్మిది నిమిషాల 'డెజర్ట్ రాంబ్లర్'లో ఈ పని స్పష్టంగా వినబడుతుంది. అవే స్వరాలు మళ్లీ మళ్లీ వస్తున్నా విసుగు పుట్టదు. కాసేపటికి చెవి రాగం వెంట పరుగు మానేసి, నాదంలోని పొరలను ఒక్కొక్కటిగా పట్టుకోవడం మొదలుపెడుతుంది.

మన సినిమా పాటలో గొంతు ముందుంటుంది, వాద్యాలు దానికి దారి ఇస్తాయి. ఇక్కడ గిటార్లే ముందు. టాల్బట్ అరవడు, సాగదీయడు. మామూలుగా మాట్లాడుతున్నట్టు ఆ హోరు లోపలి నుంచి పాడతాడు. మాటలు అందాలంటే మనమే చెవి రిక్కించాలి. అంత పెద్ద శబ్దం మధ్య ఆ నెమ్మదైన గొంతే ఈ ఆల్బమ్‌కు ప్రాణం.

ఎనిమిది పాటలు, దాదాపు 55 నిమిషాలు. ఏ పెద్ద కంపెనీ అయినా కత్తెర పట్టుకునేదే. ఈసారి పైన కంపెనీ లేదు. షాంపేన్ దగ్గరి టొలోనో అనే చిన్న ఊళ్లో టాల్బట్‌కు 'ఎర్త్ అనలాగ్' అనే సొంత స్టూడియో ఉంది. రికార్డింగ్ అక్కడే జరిగింది, విడుదల కూడా అదే పేరున్న సొంత లేబుల్‌పైనే. గ్రామఫోన్ రికార్డుల పని షాంపేన్‌లోనే ఉన్న పాలీవినైల్ అనే స్వతంత్ర సంస్థ చూసుకుంది. తొందరపెట్టేవాళ్లు లేకపోవడం పాటల నడకలోనే తెలుస్తుంది.

2021లో సెయింట్ పియర్ కన్నుమూశాడు. ఆయన డ్రమ్స్ వాయించిన చివరి హమ్ ఆల్బమ్ ఇదే. 'ద సమనింగ్'లో ఒక్కో దెబ్బకూ మధ్య ఆయన వదిలిన ఖాళీని గమనించండి. గిటార్లు నిలబడింది ఆ ఖాళీ మీదే.

ఈ తరహా సంగీతం కొత్తైన వాళ్లు నాలుగు నిమిషాల 'స్టెప్ ఇంటూ యూ'తో మొదలుపెట్టడం మంచిది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, అడుగు స్వరాలు దానికి అందవు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాక నచ్చితే, నేరుగా 'డెజర్ట్ రాంబ్లర్'కు వెళ్లొచ్చు.