పొరుగును కలిపేది ఏది?

ముదినేపల్లి, కైకలూరు వైపు ఊళ్లలో మన ఇళ్లు కొద్ది. చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది ఇతర మతస్థులు. వారితో మన సంబంధం దేనిమీద నిలుస్తుందో దాతలతో కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మతం ఒకటైతేనే మనసులు కలుస్తాయని అనుకుంటాం. తెలుగునాట అనుభవం వేరు.

నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవారు ఆ కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె అంటూ ఎన్నో. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి, తామే మరొకరికి రొట్టె ఇస్తారు. ఇచ్చే చేతిది ఏ మతమని ఎవరూ అడగరు.

కడపలో కలిపింది చుట్టరికం. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచన్న భావనతో ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్తారు. పల్లెల్లో పీర్ల పండుగను కలిపింది పని. ముస్లిం కుటుంబమే లేని కొన్ని ఊళ్లలోనూ హిందువులు పీర్లను నిలబెడతారు.

ఈ మూడు చోట్లా ఎవరి మతం వారిదే. ఉమ్మడిగా ఉన్నది ఒక చిన్న నమ్మకం, దాని వెంట ఏటా జరిగే రాకపోకలు.

ఇటువంటి ఆచారాలు తౌహీద్‌కు తగవని మన ఉలమాలలో పలువురు చెబుతారు. ఆ తీర్పు మా పని కాదు. అయితే ఆచారం మానినప్పుడు దానితోపాటు రాకపోకలూ తెగుతాయి. ఆ ఖాళీలో వేరే మంచి ఏదీ పెట్టకపోతే, పొరుగువారి గురించి మనకూ, మన గురించి వారికీ పుకార్లే మిగులుతాయి.

ఆ ఖాళీ నింపే దారి దీన్‌లోనే ఉంది. పొరుగువాడి హక్కు మనపై ఉంది, అతను ఏ మతస్థుడైనా సరే. జకాత్ ఎవరికి చెందాలో షరీఅత్ నిర్ణయించింది, అందులో మార్పు లేదు. సదఖాకు ఆ హద్దు లేదు. జబ్బుపడిన కూలీకి మందులు, పేదింటి పిల్లకు పుస్తకాలు, వరద వచ్చినప్పుడు అన్నం పొట్లం ఏ గుమ్మానికైనా చేరవచ్చు.

కనుక దాతలు తమ సొమ్ములో జకాత్ ఎంత, సదఖా ఎంత అని విడిగా రాసి ఇవ్వాలని మనవి. సదఖాలో కొంత పొరుగువారికి కేటాయించడానికి అనుమతిస్తే, అది మన పిల్లలకు మనం విడిచే రక్షణ కూడా అవుతుంది.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.