సమీకరణం తుల్యమైతే చర్య జరిగినట్టేనా?

సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం... పదో తరగతి పిల్లలు ఈ నాలుగు రకాల చర్యలనూ సమీకరణాల రూపాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు. జరిగిన చర్యకు పేరు పెట్టడానికి అది చాలు. ఏ పదార్థాలు కలిస్తే ఏమవుతుందో ముందే చెప్పాలంటే మాత్రం వాటి స్వభావం తెలియాలి. ఇక్కడే కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: సమీకరణం తుల్యమైతే చర్య జరిగి తీరుతుంది.

వాస్తవం: రాగి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే కాపర్ క్లోరైడ్, హైడ్రోజన్ వస్తాయని రాసి చక్కగా తుల్యం చేయవచ్చు. పరీక్షనాళికలో మాత్రం ఒక్క బుడగా రాదు. చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్ కన్నా కింద ఉంది, కాబట్టి దాన్ని తొలగించలేదు. పైన ఉన్న జింక్‌ను వేస్తే బుడగలు వస్తాయి. మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు ఉంచితే దానిపై రాగి పూత పడుతుంది. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంలో రాగి తీగ ఉంచితే ఏ మార్పూ ఉండదు.

అపోహ: రెండు లవణ ద్రావణాలు కలిపితే ద్వంద్వ వియోగం ఖాయం.

వాస్తవం: ఉప్పునీటిలో పొటాషియం నైట్రేట్ ద్రావణం పోస్తే అయాన్లన్నీ విడివిడిగా నీటిలోనే ఉండిపోతాయి, చర్య ఉండదు. అదే సిల్వర్ నైట్రేట్ పోస్తే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం దిగుతుంది. అవక్షేపమో, వాయువో, నీరో ఏర్పడితేనే సాధారణంగా ఇలాంటి చర్య ముందుకు సాగుతుంది.

అపోహ: వియోగానికి వేడి కావాల్సిందే.

వాస్తవం: బట్టీలో సున్నపురాయి విడిపోవడానికి దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి విద్యుత్తు చాలు. సిల్వర్ బ్రోమైడ్‌ను కాంతే విడగొడుతుంది. నలుపు తెలుపు ఫొటో ఫిల్ము పనిచేసింది ఈ గుణంతోనే.

అపోహ: వేడిని వెలువరించే చర్య దానంతటదే మొదలవుతుంది.

వాస్తవం: పొడిసున్నంపై నీళ్లు పోయగానే సలసలా కాగుతుంది. మెగ్నీషియం రిబ్బన్ అంతకన్నా తీవ్రంగా మండుతుంది, కానీ ముందుగా దాన్ని వెలిగించాలి. వేడి వెలువడటం వేరు, చర్య మొదలవడానికి కావలసిన శక్తి వేరు.

అపోహ: ఒక చర్య ఒకే రకానికి చెందుతుంది.

వాస్తవం: మెగ్నీషియం మండటం సంయోగమే, ఆక్సీకరణ-క్షయకరణ చర్య కూడా. వంటసోడాలో వెనిగర్ పోస్తే మొదట ద్వంద్వ వియోగం జరిగి కార్బోనిక్ ఆమ్లం వస్తుంది. అది వెంటనే వియోగం చెంది కార్బన్ డయాక్సైడ్‌గా పొంగుతుంది. వంటగ్యాస్ ఆక్సిజన్‌తో కలిసి మండినా అది సంయోగం కాదు, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్, నీరు అనే రెండు పదార్థాలు ఏర్పడుతున్నాయి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ప్రయోగశాలలో జరిగే చర్యలతో పాటు జరగని చర్యలనూ చూపించండి. జింక్ వేసిన నాళిక పక్కనే రాగి వేసిన నాళికనూ ఉంచండి. తేడా ఎందుకొచ్చిందో పిల్లలనే చెప్పనివ్వండి. చర్యను ముందే ఊహించడం వాళ్లకు అక్కడే అలవడుతుంది.