చలనచిత్ర తులన పద్ధతి: సూరతు తెలుగు విద్యార్థుల కొక మార్గము

రెండు వస్తువులను త్రాసునం దుంచి తూచుట తులనము. త్రాసునకు తట్టలు రెండైనను దండ మొకటియే. ఈ సామాన్య విషయమును మఱచుటచేతనే చలనచిత్రాధ్యయన పరీక్షలలో పెక్కు సమాధానములు విఫలము లగుచున్నవి. రెండు చిత్రములను పోల్చి చర్చింపుమని ప్రశ్న యిచ్చినచో, విద్యార్థి మొదటి చిత్రకథను రెండు పుటలలో చెప్పి, రెండవదానిని మఱి రెండు పుటలలో చెప్పి, తుదకు రెండును గొప్పవియే యని ముగించును. ఇందు తట్టలున్నవి, దండము లేదు. ఆ దండమును సమకూర్చుకొను విధమును వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

తులనకు యోగ్యములైన చిత్రములలో కొంత సామ్యమును, కొంత భేదమును ఉండవలెను. సర్వము సమానమైనచో చెప్పుట కేమియు నుండదు. సర్వము భిన్నమైనచో పోల్చుట కాధార ముండదు. బ్రిటనులో 2017లో బోధన ఆరంభమైన ఎడ్యుకాస్ ఏ-లెవెల్ చలనచిత్రాధ్యయన ప్రణాళిక యీ సూత్రమునే పాటించినది. అందు 1930–60 సంవత్సరముల మధ్య వెలువడిన హాలీవుడ్ చిత్ర మొకటియు, 1961–90 మధ్య వెలువడిన దొకటియు తులనకు గైకొనబడినవి. పరిశ్రమ యొకటి, కాలములు రెండు. స్థిరముగా నిలిచినదేదో ముందు నిర్ణయించుకొన్నగాని మాఱినదేదో కంటికి కనబడదు.

సూరతు నగరమునందలి తెలుగు విద్యార్థులను దృష్టియం దుంచుకొని యీ సూత్రమును పరిశీలింతము. తెలంగాణము నుండి మరమగ్గముల పనికై వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయత్ మొదలగు ప్రాంతములలో స్థిరపడినవి. నగరపాలక ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకును చోటు కల్పింపబడినది. ఇంట తెలుగు, వీథిలో హిందీ, అంగడిలో గుజరాతీ వినుచు పెరిగిన బాలునకు పోల్చుట క్రొత్త విద్య గాదు. ఒకే మాట మూడు భాషలలో ఎట్లు మాఱునో అతడు దినదినమును గమనించుచునే యుండును. అతనికి కొఱవడినది అనుభవము గాదు, ఆ యనుభవమును క్రమముగా వ్రాయు పద్ధతి మాత్రమే.

అట్టివానికి మొదటి అభ్యాసముగా సమీపమున నున్న ఉదాహరణమునే యీయవచ్చును. సూరతునకు దక్షిణమున నున్న బిలిమోరాలో జన్మించిన మెహబూబ్ ఖాన్ 1940లో 'ఔరత్' చిత్రమునకును, 1957లో దాని పునర్నిర్మాణమైన 'మదర్ ఇండియా'కును దర్శకత్వము వహించెను. రెంటను కథాసార మొకటియే: అప్పులలో మునిగిన రైతు కుటుంబము, ఇల్లు విడిచిపోయిన భర్త, ఒంటరిగా సేద్యము చేసి బిడ్డలను పెంచిన రాధ, తిరుగబడి దారితప్పిన కుమారుడు బిర్జు, తుదకు అతనిని తన చేతులతోనే చంపిన తల్లి. ఛాయాగ్రాహకుడు ఫరెదూన్ ఇరానీ రెంటను పనిచేసెను. వడ్డీవ్యాపారి సుఖీలాలా పాత్రను రెంటను కన్హయ్యాలాలే ధరించెను. రాధ పాత్రను మొదటిదానిలో సర్దార్ అఖ్తర్, రెండవదానిలో నర్గీస్ ధరించిరి. మొదటిది నలుపు తెలుపులలోను, రెండవది వర్ణములలోను నిర్మింపబడెను. దర్శకుడు, కథ, ఛాయాగ్రాహకుడు, ప్రతినాయకుడు స్థిరముగా నుండగా పదునేడు సంవత్సరముల కాలము మాత్రము నడుమ ప్రవహించినది. తులనాభ్యాసమున కింతకంటె అనుకూలమైన జంట అరుదు.

ఇప్పుడు దండమును, అనగా ప్రశ్నను, నిర్ణయింపవలెను. "ఈ చిత్రములలో తల్లి యెట్లున్నది?" అనునది మిక్కిలి విశాలము. "రాధ పడిన కష్టమునకు ఏ చిత్ర మెట్టి అర్థమును కల్పించినది?" అనునది మేలు. ఈ ప్రశ్నకు రెండు చిత్రములును సమాధాన మీయగలవు. ఆ సమాధానములు భిన్నములు.

పిమ్మట సాక్ష్యమును సేకరింపవలెను. చిత్రమును రెండు పర్యాయములు చూడవలెను: మొదట కథకై, రెండవసారి నిర్మాణమునకై. రెండవసారి చూచునపుడు పుటను నిలువుగా రెండు భాగములు చేసి, ఒకే ప్రశ్నకు సంబంధించిన సన్నివేశములను ఎదురెదురుగా వ్రాసికొనవలెను. 'మదర్ ఇండియా' వృద్ధురాలైన రాధతో ఆరంభమగును. ట్రాక్టర్లు, యంత్రములు కనబడును. గ్రామమునకు వచ్చిన కాలువను ప్రారంభింపుమని పెద్దలామెను కోరుదురు. మెడలోని పూలదండ పరిమళము ఆమెను పెండ్లినాటి స్మృతిలోనికి గొనిపోవును. కథ ముగిసినపుడు తిరిగి కాలువ కనబడును. మొదట రక్తవర్ణముతో పారిన నీరు క్రమముగా తేటపడి పొలములలోనికి సాగును. నడుమ నొక పాట చివర పంట కోయు జనులు అవిభక్త భారతదేశ పటమువలె నిలుతురు. 'ఔరత్' చిత్రమున ఈ కాలువ ప్రస్తావన లేదు.

ఈ భేదమునకు చరిత్ర తోడ్పడును. 1940లో దేశము పరపాలనలో నుండెను. 1957 నాటికి స్వాతంత్ర్యము వచ్చి పదేండ్లయ్యెను. తాపీనదిపై కాక్రాపార్ ఆనకట్ట, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన మన నాగార్జునసాగరము వంటి నిర్మాణములు ప్రజల ఆశలకు చిహ్నములై యుండెను. కాని చరిత్రను చిత్రము వెలుపల కుప్పగా పోయరాదు. తెరమీద కనబడినదానిని వివరించుట కెంత యవసరమో అంతయే చెప్పవలెను.

ఇక కూర్పు. నేతపని యెఱిగిన ఇంటి బిడ్డలకు దీనిని చెప్పుట సులభము. రెండు వేఱు గుడ్డలను ప్రక్కప్రక్కన పఱచుట తులన గాదు. ప్రశ్నలు పడుగుగా, రెండు చిత్రములు రెండు రంగుల పేకగా ఒకే వస్త్రమును నేయవలెను. ప్రతి పేరాయందును రెండు చిత్రములును ఉండవలెను. ఒక మాదిరిని చూపుదును:

"రెండు చిత్రములలోను తల్లి కుమారుని చంపును, అయినను ఆ మరణము రెంట నొకే భారమును మోయదు. 'మదర్ ఇండియా'లో ఆ రక్తము కాలువనీటిలో కలిసి పొలమునకు చేరుటచే తల్లి దుఃఖము జాతి త్యాగముగా మాఱినది. కష్టము గతకాలపు స్మృతియైనది. కాలువయే లేని 'ఔరత్'లో అట్టి ఓదార్పున కవకాశము లేదు. ఆ దుఃఖము ఆ తల్లిదిగానే నిలిచినది."

ఇందు సామ్యము ముందు చెప్పబడినది, భేదము తరువాత వచ్చినది, దృశ్యసాక్ష్య మున్నది, ఫలితార్థము తేలినది. కథాసంగ్రహము వాక్యమాత్రమే. ఇట్టి పేరాలు మూడో నాలుగో కలిగిన సమాధానము, పది పుటల కథనముకంటె పరీక్షకునకు మాన్యమగును.

పరిహరింపవలసిన దోషములు మూడు. మొదటిది, తరువాతి చిత్రమును మెఱుగుగాను, ముందటిదానిని చిత్తుప్రతిగాను భావించుట. 1940 నాటి ప్రేక్షకునకు 'ఔరత్' సంపూర్ణ చిత్రమే. రాబోవు మఱొక చిత్రమునకై అది నిర్మింపబడలేదు. రెండవది, సర్వభేదములకును ఒకే కారణమును చెప్పుట. నీటి యెఱుపునకు వర్ణచిత్రణ సాధనమైనది. కాని కాలువ కథలోనికి వచ్చుటకు వర్ణము కారణము గాదు. సాధనమును వేఱుగను, ఉద్దేశమును వేఱుగను గుర్తింపవలెను. మూడవది, తన యిష్టమును తీర్పుగా వ్రాయుట. ఇష్టము తప్పుగాదు, హేతువు చూపకుండుట తప్పు.

ఈ అభ్యాసము ముగిసిన పిమ్మట విద్యార్థికి మూడవ చిత్ర మీయదగును. 1971లో తాపీ చాణక్య 'మదర్ ఇండియా'ను జమున ప్రధానపాత్రగా 'బంగారు తల్లి' పేర తెలుగున రూపొందించెను. ఆయనయే 1955లో రైతుజీవితము వస్తువుగా 'రోజులు మారాయి' చిత్రమునకు దర్శకత్వము వహించిన వాడు. "ఇది హిందీకి అనుకరణమే" యని తెలుగు విద్యార్థి తన భాషాచిత్రమును తానే తక్కువ చేసికొనుట తఱచుగా జరుగుచుండును. పై పద్ధతి నెఱిగినవా డట్లనడు. దర్శకు డేమి నిలుపుకొనెను, ఏమి విడిచెను, దేనిని మార్చెను, ఆ మార్పు తెలుగు పల్లెకు తగియున్నదా యని యడుగును. సమాధానము ప్రశంసయే కావచ్చును, ఆక్షేపణయే కావచ్చును. అది చిత్రమును చూచి యిచ్చిన తీర్పగును, చూడకముందే యిచ్చినది గాదు. పరీక్షలో మార్కులు తెచ్చునదియు, పరీక్ష ముగిసిన తరువాత మిగులునదియు ఈ న్యాయబుద్ధియే.