నడివయస్సులో విద్య – వృత్తి మార్పు

విద్యకు వయస్సుతో పనిలేదనే మాట మన సభావేదికల మీద తరచుగా వినిపిస్తుంది. ఆ మాట పలికిన వక్తకు కరతాళధ్వనులు కూడా లభిస్తాయి. కాని దరఖాస్తు పత్రంలో పేరు తరువాత వచ్చే గడి పుట్టిన తేదీదే. ఆ గడి నింపవలసిన నలభై ఏళ్ల మనిషికి ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ఏ మెట్టు నుండి మొదలుపెట్టాలి? ఏ పట్టా దేనికి పనికివస్తుంది? సంసారం గడుపుకొంటూ పుస్తకం ఎప్పుడు తెరవాలి? వీటికి సమాధానం తెలియకుండా ఇచ్చే ప్రోత్సాహం వల్ల మేలుకంటె కీడే ఎక్కువని మేము అనుభవపూర్వకంగా తెలుసుకున్నాము. ఆ అనుభవాన్నే ముందుగా మనవి చేస్తాము.

కొంతకాలం క్రితం ఒక పెద్దమనిషి తన కుమార్తెను చేర్పించడానికి మా కళాశాలకు వచ్చారు. వృత్తి జర్దోజీ పని. ఏడవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, తండ్రి మరణంతో బడి మాని, కార్చోబు ముందు కూర్చున్నారు. పాతికేళ్లు ఆ చెక్క చట్రం మీద వంగి బంగారు తీగ కుట్టిన తరువాత చూపు మందగించింది. కంటి వైద్యుడు సన్నపని మానుకోమన్నారు. తెలిసిన ఆసుపత్రిలో మందుల గిడ్డంగి చూచుకొనే పని ఉన్నదని, అయితే పదవ తరగతి పట్టా తప్పనిసరి అన్నారని తరువాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆయన ఆ సంగతి చెప్పలేదు. కుమార్తె రుసుము చెల్లించి, రసీదు మడిచి జేబులో పెట్టుకొని, అటూ ఇటూ చూచి, "సార్, అమ్మాయికి సీటు దొరికింది. నాకు కూడా ఏదైనా చదువు ఉంటుందా సార్?" అని మెల్లగా అడిగారు.

మేము తడుముకోకుండా సమాధానం చెప్పాము. సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి అర్హత పరీక్ష వ్రాస్తే, పదవ తరగతితో నిమిత్తం లేకుండా నేరుగా డిగ్రీలో చేరవచ్చునన్నాము. ఆయన సంతోషంతో వెళ్లారు. ప్రకటన కోసం ఎదురుచూస్తూ దాదాపు ఒక విద్యాసంవత్సరం పోగొట్టుకున్నారు. మేము చెప్పినది ఒకప్పటి సత్యం. ఆ పరీక్ష అప్పటికే నిలిచిపోయింది. ఆ సంగతి విచారించకుండా సలహా ఇచ్చిన తప్పు మాదే. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

ఆ ఒకప్పటి సత్యం చిన్నది కాదు. 1982 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అటువంటి విశ్వవిద్యాలయం అదే మొదటిది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం మూడేళ్ల తరువాత, 1985లో వచ్చింది. ఇక్కడ మొదటి ఉపకులపతిగా పనిచేసిన జి. రాంరెడ్డి గారే అక్కడ కూడా మొదటి ఉపకులపతి అయ్యారు. మన సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి ముఖం చాలాకాలంగా చూడని వారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీ తలుపు తెరవడం, పాఠాలు తెలుగులో అచ్చువేసి ఇంటికి పంపడం, ఊళ్లలోని కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి ఆదివారాలు తరగతులు జరపడం దాని పద్ధతి. కండక్టర్లు, గుమాస్తాలు, గృహిణులు, చేనేత పనివారు ఆ తలుపు గుండానే పట్టభద్రులయ్యారు.

అయితే తలుపు తెరుచుకున్నంత మాత్రాన లోపలి గదులన్నీ తెరుచుకోవు. మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక విధానంలో పొందిన ఎం.ఏ. పట్టా చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం వ్యాజ్యంలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. తరువాత వచ్చిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనల ప్రకారం డిగ్రీలో చేరడానికి ఇంటర్మీడియట్ స్థాయి విద్య ఉండవలసిందే. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చదవడానికి వీలులేదు. ఈ నిబంధనలు కఠినంగా తోచవచ్చు. మాకూ అర్హత పరీక్ష పోవడం నష్టమనే అనిపిస్తుంది. కాని తెలిసి బాధపడడం, తెలియక ఏళ్లు వృథా చేసుకోవడం కంటె నయం.

కనుక వృత్తి మార్చుకోదలచినవారు చదువు నుండి ఉద్యోగం వైపు చూడడం కాదు, ఉద్యోగం నుండి చదువు వైపు వెనుకకు నడవాలి. ఆ పనికి ఏ పట్టా అడుగుతున్నారు, ఏ విధానంలో చదివినది అంగీకరిస్తారు, వయఃపరిమితి ఎంత – ఈ మూడు తెలిసిన తరువాతనే రుసుము కట్టాలి. బి.ఎడ్. ప్రవేశానికి పై వయస్సు అడ్డు కాకపోయినా, అటుపై ప్రభుత్వోపాధ్యాయ నియామకానికి అడ్డు రావచ్చు. ఆ పరిమితి ప్రకటన ప్రకటనకు మారుతూ ఉంటుంది. చదువు పూర్తిచేసి, పట్టా చేతబట్టుకొని, వయస్సు దాటిపోయిందని తెలిసి కుమిలిపోయినవారు మన మధ్య లేకపోలేదు.

ఈ వెనుక నడకను మన తెలుగు నేల మీద బాగా ఎరిగినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో జన్మించిన ఆమె చిన్ననాడే బడికి దూరమయ్యారు. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. విడుదలైన తరువాత తిరిగి పుస్తకం పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషను ప్రైవేటుగా వ్రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి డిగ్రీ పొందారు. 1942లో, ముప్పై మూడేళ్ల వయస్సులో, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని వకీలు అయ్యారు. ఉద్యమకారిణి న్యాయవాది కావడానికి పట్టిన కాలమది. ఆ నడుమనే, 1937లో, ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ మొదటి పనులలో ఒకటి తనవలె చదువు ఆగిపోయిన స్త్రీలను అదే కాశీ మెట్రిక్యులేషనుకు సిద్ధం చేయడం. తాను దాటిన ఏటి మీదనే వంతెన కట్టారన్నమాట.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమె దానికి మొదటి అధ్యక్షురాలు. గ్రామాలలో ఉపాధ్యాయినులు, నర్సులు, మంత్రసానులు, గ్రామసేవికలు కావాలి. ఆ ఉద్యోగాలకు తగిన చదువు గల స్త్రీలు గ్రామాలలో లేరు. పట్నవాసపు స్త్రీలు అక్కడికి పోరు. వితంతువులు, భర్త విడిచినవారు, కొద్దో గొప్పో చదివి మానినవారు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఈ రెండింటినీ కలిపి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా శిక్షణ పథకం ప్రారంభించారు. బాలికలు పలు సంవత్సరాలు చదివే పాఠాలను రెండేళ్లకు కుదించి పరీక్షకు పంపడం దాని సారం. ఇంటిని, ధాన్యాన్ని, వడ్డీని, జబ్బును ఎరిగిన ముప్పై ఏళ్ల స్త్రీకి పదేళ్ల పిల్లకు చెప్పినట్లు చెప్పనక్కర లేదని వారు గ్రహించారు. ఖాళీగా ఉన్న కొలువులను ముందుగా లెక్కించి, తరువాత పాఠ్యప్రణాళిక వ్రాయడమే ఆ పథకంలో మాకు అన్నిటికంటె నచ్చిన విషయం.

పెద్దవారికి చదువు తలకెక్కదనే అపోహ ఇప్పటికీ ఉన్నది. దీనిని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ 1928లోనే, వయోజనుల అభ్యసనంపై తన గ్రంథంలో, ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. నేర్చే శక్తి ఇరవైలలో పతాక స్థాయికి చేరి, అటుపై నలభై దాటేవరకు ఏటా నూటికి ఒక వంతు చొప్పున మాత్రమే తగ్గుతుందని ఆయన తేల్చారు. తరువాతి పరిశోధకులు మరొక భేదం చూపారు. కొత్త చిక్కును చప్పున విప్పే వేగం వయస్సుతో తగ్గుతుంది. పదసంపద, లోకజ్ఞానం, అనుభవంతో ముడిపడిన తెలివి నిలిచి ఉంటాయి, చాలాకాలం పెరుగుతాయి కూడా. మా అనుభవంలో నడివయస్సు విద్యార్థిని ఓడించేది జ్ఞాపకశక్తి కాదు, చేయి. మూడు గంటలు ఆగకుండా వ్రాసే అలవాటు తప్పిపోయి ఉంటుంది. తెలిసిన సమాధానాలను సైతం సగం వ్రాసి లేచి వస్తారు. సూది పట్టిన చేతికి కలం బరువు కాదు గాని, వేగం రాదు. రోజూ అరగంట చూచివ్రాత, వారానికొకసారి గడియారం ముందు పెట్టుకొని ఒక ప్రశ్నపత్రం – మా జర్దోజీ మిత్రునికి ఎక్కువగా ఉపకరించినవి ఇవే.

ఇక కాగితాల సంగతి. ఇది చెప్పుకోవడానికి చిన్నది, పడేవారికి పెద్దది. పాత బడి రికార్డులో పేరు ఉర్దూలో ఒక విధంగా, రేషను కార్డులో తెలుగులో మరొక విధంగా, ఆధారులో ఆంగ్లంలో ఇంకొక విధంగా ఉంటుంది. మహమ్మద్ అనే ఒక్క పేరే మొహమ్మద్, ముహమ్మద్, ఎం.డి. అని మూడు వేషాలు వేస్తుంది. పుట్టిన తేదీ చోట జూలై ఒకటి అని బడిపంతులు వ్రాసిన ఊహ తేదీ ఉంటుంది. పదవ తరగతి పట్టాలో ఏది పడితే జీవితాంతం అదే నిలుస్తుంది గనుక, దరఖాస్తుకు ముందే ఒక రూపాన్ని నిర్ణయించుకొని మిగిలిన పత్రాలను దానికి సరిచేయించుకోవాలి. పట్టా చేతికి వచ్చిన తరువాత దిద్దించుకోవడం మరొక పదవ తరగతి చదివినంత పని.

భాష చిక్కు ఇంతకంటె లోతైనది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1948 తరువాత ఆంగ్లానికి మారింది. కచేరీల భాష కూడా మారింది. ఉర్దూలో దస్తావేజులు వ్రాసి స్థిరపడిన ఎందరో గుమాస్తాలు నడివయస్సులో మరల పలక పట్టారు. నేడు ఉర్దూ మాధ్యమంలో మానిన చదువును ఉర్దూలోనే అందుకొనే వీలున్నది. జాతీయ సార్వత్రిక పాఠశాలా సంస్థ పదవ తరగతిని ఉర్దూలోనూ, తెలుగులోనూ వ్రాయనిస్తుంది. 1998లో హైదరాబాదులో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన బోధనను దూరవిద్యతోనే మొదలుపెట్టింది. చదువు ఏ భాషలో సాగినా, పని దొరికేచోట మాట్లాడే భాష కూడా ఒక పాఠ్యాంశంగా తీసుకొమ్మని మా సలహా. ఈ కళాశాలలో ఉర్దూ, తెలుగు విభాగాలు ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్నాయి. ఆ వరండా దాటడానికి పట్టే సాహసం ఎంతో మన విద్యార్థులకు తెలియనిది కాదు.

మా మిత్రుడు చివరకు ఆ సార్వత్రిక పాఠశాలలోనే చేరారు. పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా, పై వయస్సు పరిమితి లేకుండా, చదవగలనని స్వయంగా ధ్రువీకరించి అక్కడ పదవ తరగతికి నమోదు కావచ్చు. ఏటా రెండు పర్యాయాలు పరీక్షలు జరుగుతాయి. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఉత్తీర్ణమైన పాఠ్యాంశం మరల వ్రాయనక్కర లేదు. సంసారి అయినవాడి జీవితాన్ని ఎరిగి చేసిన ఏర్పాటిది. గణితం తప్పనిసరి కాదని తెలిసినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగును మేము మరువలేము. (గణిత శాఖవారు మన్నింతురు గాక!) ఉర్దూ, తెలుగు, సాంఘిక శాస్త్రం, వ్యాపార అధ్యయనం తీసుకున్నారు. ఐదవదిగా చిత్రలేఖనం ఉన్నదని చూచి ఆశ్చర్యపోయారు. లతలు, మామిడిపిందెలు, నెమళ్లు పాతికేళ్లు బట్ట మీద గీసిన చేయి అది. మొదటి పర్యాయంలోనే ఉర్దూ, చిత్రలేఖనం, వ్యాపార అధ్యయనం ఉత్తీర్ణులయ్యారు. తెలుగులో, సాంఘిక శాస్త్రంలో తప్పారు. ఆసుపత్రివారు ఆ పనిలో మరొకరిని పెట్టుకున్నారు. మేము పోగొట్టిన సంవత్సరం చేతిలో ఉండి ఉంటే ఏమయ్యేదో మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు. మరొక ఆసుపత్రిలో విచారిస్తున్నారు.

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఒకటే. మన పఠనమందిరం సాయంకాలం ఐదు గంటలకు మూస్తున్నారు. పనికి పోయేవారు ఆరు దాటిన తరువాతనే విడుదలవుతారు. వారానికి మూడు రోజులు రాత్రి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంచడానికి ఒక అటెండరుకు అదనపు భత్యం, రెండు దీపాలు, ఒక ఫ్యాను చాలు. ప్రవేశాల గది వద్ద నాలుగు కాగితాలు కూడా అతికించి, ఏటా జూన్‌లో సరిచూడాలి. ఏ సంస్థ ఏ వయస్సువారిని ఏ అర్హతతో చేర్చుకొంటున్నదో వాటిలో ఉండాలి. సరిచూచే పని మేము వహిస్తాము. విద్యార్థుల తల్లిదండ్రులకు పాఠక సభ్యత్వం ఇవ్వడానికి ప్రస్తుత నియమాలు ఒప్పుకోవడం లేదు. ఆ నియమాన్ని వచ్చే సమావేశంలో పరిశీలించవలసిందని కోరుతున్నాము. అంతవరకు ఆయన పుస్తకాలు కుమార్తె కార్డు మీదనే ఇంటికి వెళ్తున్నాయి. ఆ కార్డు మీద ఒకసారికి రెండు పుస్తకాలే ఇస్తారు. ఒకటి ఆమెకు, ఒకటి ఆయనకు.