పాత కారునకు క్రొత్త రేడియేటరు

నర్సాపూరు నుండి హైదరాబాదు వచ్చు రహదారిపై దుండిగల్లు, గండిమైసమ్మ దాటిన పిదప సూరారం చౌరస్తా తగులును. ఒకప్పుడు పల్లెగా నుండిన సూరారం 2007లో కుత్బుల్లాపూరు పురపాలక ప్రాంతముతోబాటు మహానగరములో కలిసినది. జీడిమెట్ల పారిశ్రామికవాడ దాని ప్రక్కనే యున్నది. వేసవిలో ఈ మార్గమున బానెట్టు ఎత్తియుంచి, ఆవిరి క్రక్కుచు నిలిచిపోయిన పాత కారు కనబడుట వింత కాదు. ఊరికి ఉన్నది ఆ యొక్క కారే యైనప్పుడు, అర్ధరాత్రి ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్చవలసినదియు అదే యైనప్పుడు, రేడియేటరు సంగతి కేవలము దాని యజమానికి సంబంధించిన విషయము కాజాలదు. అందుచే పంచాయతీ సభ్యులు దీనిని కొంత తెలిసికొనియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

కారు వేడెక్కినంత మాత్రమున రేడియేటరు చెడిపోయినదని నిశ్చయింపరాదు. ఫ్యాను బెల్టు వదులై యుండవచ్చును. థర్మోస్టాటు మూసికొనిపోయి యుండవచ్చును. నీటి పంపు అరిగి యుండవచ్చును. హెడ్డు గాస్కెట్టు పోయి యుండవచ్చును. పల్లెలలో తరచుగా జరుగునది మరియొకటి కలదు: దుమ్ము, పొట్టు, పురుగులు రేకుల సందులలో నిండి గాలి చొరకుండ చేయును. ఇంజను చల్లారిన తరువాత వెనుకవైపు నుండి మెల్లని నీటిధారతో కడిగినచో పెక్కు వాహనములు మరల దారికి వచ్చును. ఈ పనికి ఖర్చు లేదు గనుక దీనిని మొదట చేయవలెను. ఇంజను వేడిగా నున్నప్పుడు మాత్రము మూత నెవ్వరును త్రిప్పరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండును. మూత వదులైన తక్షణమే పైకి చిమ్మి ముఖమును కాల్చును.

రేడియేటరే చెడినదని తేలినచో, అది ఏ జాతిదో చూడవలెను. అంబాసిడరు, పాత జీపుల వంటి బండ్లకు రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉండెడివి. వీనికి చిల్లు పడినచో మన ఇండ్లలో ఇత్తడి బిందెకు వలెనే మాటు వేయవచ్చును. గొట్టములు పూడినచో పై తొట్టిని విప్పి, సన్నని కడ్డీలతో శుభ్రము చేయవచ్చును. తొట్టెలు గట్టిగా నున్నచో వానిని ఉంచుకొని, నడిమి కోరును మాత్రమే మార్పించుటయు కలదు. తరువాతి కాలపు కార్లలో అల్యూమినియము కోరు, ప్లాస్టికు తొట్టెలు వచ్చినవి. ఇవి తేలిక, కాని ప్లాస్టికు పెళుసై పగిలినచో అతుకు నిలువదు. దానికి జిగురు పూసి పంపువానిని నమ్మరాదు, క్రొత్తది కొనుటయే మార్గము.

రాగి మేలా, అల్యూమినియము మేలా యని పలువురు అడుగుదురు. వేడిని ప్రసరింపజేయుటలో అల్యూమినియము రాగిలో సుమారు అయిదింట మూడు వంతుల శక్తి కలది. ఐనను దాని గొట్టములను వెడల్పుగా చేయవచ్చును. రేకులతో కలయికయు బాగుగా నుండును. కావున చక్కగా చేసిన అల్యూమినియము రేడియేటరు రాగిదానికి తీసిపోదు. రాగి బరువు మూడు రెట్లకు మించును, ధరయు ఎక్కువ. మా అభిప్రాయములో, మాటు వేయు నేర్పరి దగ్గరలో నున్న ఊరివారికి పాత రాగి రేడియేటరును బాగుచేయించుకొనుటయే లాభము.

దుకాణమునకు పోవునప్పుడు కారు పేరు మాత్రమే చెప్పిన చాలదు. ఒకే పేరుగల కారు ఏండ్లను బట్టి, పెట్రోలు లేక డీజిలు ఇంజనును బట్టి మారును. కోరు ఎత్తు, వెడల్పు, మందము, గొట్టముల వరుసలు, నీరు వచ్చు పోవు నోళ్ల స్థానము, వాని వ్యాసము, బిగించు చెవుల దూరము వ్రాసికొని పోవలెను. పాతదానిని తీసికొనిపోయిన మరియు మంచిది. వరుసలు ఎక్కువైనకొలది చలువ ఎక్కువని అమ్మువారు చెప్పుదురు. కాని మందము హెచ్చినచో గాలి దూరుట కష్టమగును, ఫ్యాను రెక్కలు తగులు ప్రమాదమును కలదు.

మూత చిన్నదైనను దాని పని పెద్దది. 0.9 బారు ఒత్తిడి నిలుపు మూత యున్నచో నీరు సుమారు 119 డిగ్రీల వరకు మరగదు. అయితే తక్కువ ఒత్తిడికి చేసిన పాత రేడియేటరుకు ఎక్కువ ఒత్తిడి మూత పెట్టినచో అతుకులు విచ్చును. కారు తయారీదారు చెప్పిన మూతనే వాడవలెను.

క్రొత్తది బిగించుటకు ముందు ఇంజనులోని తుప్పునీటిని కడిగివేయవలెను. లేనిచో ఆ మడ్డి క్రొత్త గొట్టములలోనే చేరును. బోరునీటిలోని సున్నము లోపల గట్టిపడి పొరకట్టును. శుద్ధజలముతో కలిపిన కూలెంటునే పోయవలెను. మన ప్రాంతమున నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఎందులకని కొందరందురు. తుప్పును అడ్డగించుటకే అది మనకు ముఖ్యము.

2019లో ఆరంభమైన పల్లెప్రగతి క్రింద పంచాయతీలు పొందిన ట్రాక్టర్లకును ఈ విషయములే వర్తించును. పంచాయతీ సొమ్ముతో కొనునప్పుడు కొటేషను కోరు లేఖలోనే కొలతలు, లోహము, హామీ కాలము వ్రాయవలెను. ప్రభుత్వమునకు, స్థానిక సంస్థలకు చెందిన 15 ఏండ్లు దాటిన వాహనములకు 2023 ఏప్రిలు 1 నుండి రిజిస్ట్రేషను పునరుద్ధరణ లేదు గనుక, ఆ గడువు సమీపించిన బండికి క్రొత్త రేడియేటరు మంజూరు చేయుటకు ముందు రిజిస్ట్రేషను తేదీని చూడవలెను. విప్పిన పాత రాగి రేడియేటరును మెకానిక్కు షెడ్డులో విడిచి రారాదు. దానికి తూకపు ధర కలదు. తూచి, స్టాకు రిజిస్టరులో వ్రాయించి, పాత సామాను వేలమున చేర్చవలెను.