బండ కదలాలంటే ఎంతవుతుంది?

సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్ల సందడి. చాలాచోట్ల ఊరి బయట చదును చేసిన బరి, దాని మధ్య ఓ రాతి బండ, అటూ ఇటూ కిక్కిరిసిన జనం కనిపిస్తారు. మిరప కోతలు జోరందుకుని, కల్లాల్లో కాయ ఎండే రోజులవి. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలమూ అదే. మైకులో యజమాని పేరు, ఊరు పిలవగానే ఒంగోలు గిత్తల జత బరిలోకి వస్తుంది. కాడి మెడలకెక్కుతుంది, గొలుసు బండకు తగులుతుంది, గడియారం మొదలవుతుంది. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగారన్నదే లెక్క. ఆ కాసేపటి వెనక ఎంత ఖర్చుందో బరి గట్టున నిలబడి చూసేవాళ్లకు తెలియదు.

పోలికకు కార్ల పందేలు చూద్దాం. ప్రపంచంలో అత్యంత ఖరీదైన పందేల్లో ఫార్ములా వన్ ఒకటి. అక్కడ జట్ల ఖర్చు అదుపు తప్పుతోందని 2021 నుంచి పరిమితి పెట్టారు. 2023లో ఆ పరిమితి మూలమొత్తం జట్టుకు 135 మిలియన్ డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు 1,100 కోట్ల రూపాయలు. డ్రైవర్ల జీతాలు ఇందులో కలవవు. ఆ ఏడాది కారు కనీస బరువు, డ్రైవర్‌తో సహా, 798 కిలోలు. బాగా మేపిన రెండు ఒంగోలు గిత్తలు అంతకన్నా బరువు తూగుతాయి. అంత డబ్బూ కారు లోహంలోనో కార్బన్ ఫైబర్‌లోనో ఉండదు. గాలి సొరంగంలో చేసే పరీక్షల్లో, పనికిరావని పక్కన పడేసిన భాగాల్లో, ఏడాది పొడవునా పనిచేసే వందలమంది జీతాల్లో ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్లు పరిగెత్తినప్పుడూ అంతే. బయటి కారు అన్ని జట్లకూ దాదాపు ఒకటే. డబ్బంతా మోటారులో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

గిత్తల జత ఖర్చు కూడా ఇలాగే కంటికి ఆనదు. ఫలానా జత అన్ని లక్షలకు అమ్ముడైందని పేపర్లో వస్తే అదే దాని ఖరీదనుకుంటాం. అసలు ఖర్చు ఏళ్లలో ఉంది. పోటీల్లో విభాగాలు పళ్లను బట్టి సాగుతాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు దాటాక జూనియర్లు, సీనియర్లు. మెట్టు ఎక్కేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. పశువుకు పళ్లన్నీ కట్టేసరికి ఐదేళ్లు కావొస్తుంది. దూడప్పుడే ఎంచి తెచ్చిన కోడె ఆరు పళ్లకు వచ్చాక కాలు తేడా చేయొచ్చు, బండ చూసి బెదరొచ్చు. అప్పుడు అన్నేళ్ల మేతా నీళ్లలో పోసినట్టే.

ఇక జత కుదరడం ఇంకో ఎత్తు. ఎత్తు, నడక, పొగరు కలవాలి. దాపట గిత్త అరక్షణం ముందు ఊగిందంటే కాడి వంకరపోతుంది. దాని బలం బండ మీద కాక పక్క గిత్త మెడ మీద పడుతుంది. ఆగి ఉన్న బండ నేలను కరుచుకుని ఉంటుంది. దాన్ని కదిలించే బలం, కదిలాక లాగే బలం కన్నా ఎక్కువ కావాలి. అందుకే పనితనం ఉన్న తోలేవాడు బండను ఊరికే ఆగనివ్వడు. ఒక్కసారి ఆగితే మళ్లీ కదపడానికి గిత్తల ఊపిరే పెట్టుబడి. ఆ తోలేవాడి చేయి, గొంతు గిత్తలకు అలవాటు కావాలంటే అతను రోజూ వాటితోనే ఉండాలి. కాబట్టి అతని జీతం పోటీల సీజన్‌కే పరిమితం కాదు, పన్నెండు నెలలూ ఇవ్వాల్సిందే.

మేత సంగతి చూడండి. ఉడకబెట్టిన ఉలవలు, నానబెట్టిన పత్తి చెక్క, జొన్న చొప్ప, పచ్చిగడ్డి రోజువారీవి. పోటీలు దగ్గరపడితే కోడిగుడ్లు, ఖర్జూరం, బాదం కూడా పెడతారు. జతకు రోజుకు వెయ్యి రూపాయలే అనుకున్నా ఏడాదికి 3.65 లక్షలు. దానికి మనిషి జీతం, పశువైద్యం, లాడాలు, పోటీ పోటీకీ లారీ కిరాయి కలపండి. ఐదేళ్లకు గుణిస్తే ఎకరాల మిరప పంట కరిగిపోయే మొత్తం తేలుతుంది. మొదటి బహుమతి దాన్ని పూడ్చదు. రెండో స్థానం నుంచి కిందికి వచ్చినవాళ్ల మాట చెప్పక్కర్లేదు.

అయినా యజమానులు ఖర్చు పెడుతున్నారు. వీళ్లు పెట్టకపోతే ఇంకెవరూ పెట్టరు. ఒకప్పుడు ఈ నల్లరేగడిలో పత్తి చేను దున్నాలన్నా, మిరపలో పాటు చేయాలన్నా అరకే దిక్కు. మంచి ఎడ్ల జత ఇంటికి పరపతి. ట్రాక్టరు వచ్చాక సేద్యానికి ఎద్దు అక్కర్లేకుండా పోయింది. పాలకు సంకర జాతులూ గేదెలూ వచ్చాయి. గుంటూరు పక్కన లాం ఫారం, ప్రకాశం జిల్లాలో చదలవాడ క్షేత్రం ఒంగోలు జాతిని కాపాడుతున్నాయి. కానీ ఊళ్లలో ఆ జాతి బలం నిలబడి ఉందంటే బండలాగుడు పోటీలు పెద్ద కారణమని నా నమ్మకం. గిత్తలకు నొప్పి కలిగించి తెప్పించిన అడుగుల్ని మాత్రం ఏ కమిటీ కూడా లెక్కలోకి తీసుకోకూడదు. జంతుహింస గురించి 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు తీర్పులో అడిగిన ప్రశ్నలు ఈ బరికీ వర్తిస్తాయి.

మన జాతి విలువ తెలుసుకున్నవాళ్లు బ్రెజిల్‌వాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి 1960ల దాకా ఇక్కడి నుంచి పశువుల్ని తీసుకెళ్లి 'నెలోర్' పేరుతో పెంచారు. 2023లో అక్కడ వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా 69.9 లక్షల రియాళ్లకు వేలంలో పోయింది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 35 కోట్ల రూపాయలు. ఆ ధర ఆవు ఒంటికి కట్టింది కాదు, దాని అండాలతో పుట్టబోయే సంతతికి కట్టింది. డబ్బు తల్లి దగ్గరికి వెళ్తోంది.

మన దగ్గర తల్లి దగ్గరికి చేరేది తక్కువ. దూడను కన్న ఆవును మేపేది చాలాసార్లు ఎకరం, రెండెకరాల రైతో, కౌలుదారో. దూడను ఏడాదిలోపే అమ్మేస్తాడు. అది పెరిగి సీనియర్స్‌లో గెలిచినా, చేతులు మారి లక్షలు పలికినా అతనికి పైసా రాదు. మేపే స్థోమత చాలక ఆవునే అమ్ముకుంటే రేపటి జత ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్రాన్స్ గుర్రప్పందేల్లో గెలిచిన గుర్రాన్ని పుట్టించినవాడికి ప్రత్యేకంగా సొమ్ము ముడుతుంది. మన తిరునాళ్ల కమిటీలూ ఆ పద్ధతి పెట్టొచ్చు. దూడ పుట్టినప్పుడే చెవిపోగు వేసి తల్లి వివరాలు, యజమాని పేరు పశువైద్యశాలలో రాయించాలి. బహుమతి సొమ్ములో పదో వంతు ఆ ఇంటికి వెళ్లాలి. వచ్చే సంక్రాంతికి ఏదో ఒక ఊరి కమిటీ మొదలుపెడితే చాలు, పక్క ఊళ్లవాళ్లు తామూ ఇస్తామని పోటీ పడతారు.