మీకు తెలుసా? మూర్ఛ మందులు, కాలేయం

అమీర్‌పేట ల్యాబులో తీసుకున్న కాలేయ పరీక్షల (ఎల్‌ఎఫ్‌టీ) రిపోర్టుతో పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ ఓపీకి వెళ్లే మూర్ఛ రోగిని కంగారు పెట్టే అంకెల్లో జీజీటీ అనే ఎంజైముది ఒకటి. ఫినైటాయిన్, కార్బమాజెపైన్, ఫినోబార్బిటాల్ వాడేవారిలో అది పెరగడం మామూలే. ఈ మందులు కాలేయంలో ఎంజైముల తయారీని పెంచుతాయి. మిగతా పరీక్షలు బాగుంటే, ఆ ఒక్క అంకెతో కాలేయం చెడిందనలేం.

వాల్‌ప్రోయేట్ కథ వేరు. 1882లో తయారైన ఈ ద్రవం ఎనభై ఏళ్లపాటు ఇతర పదార్థాలను కరిగించడానికే పనికొచ్చింది. ఫిట్స్‌ను ఆపే గుణం దానికే ఉందని 1962లో ఫ్రాన్స్‌లో అనుకోకుండా బయటపడింది! అరుదుగానే అయినా ఇది కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదు. రెండేళ్లలోపు పిల్లలకు, వాడకం మొదలైన తొలి ఆరు నెలల్లో ముప్పు ఎక్కువ.

వాంతులు, మగత, ఆకలి మందగించడం, ఉన్నట్టుండి ఫిట్స్ పెరగడం: కాలేయం దెబ్బతింటుంటే కళ్లు పచ్చబడకముందే ఇవి కనిపించవచ్చు. అప్పుడు వెళ్లాల్సింది పసరు మందుకు కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి. సొంతంగా మాత్రలు ఆపితే ఆగని ఫిట్స్ రావచ్చు.

మరో మూర్ఛ మందు లెవెటిరాసెటామ్ ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. కాలేయ జబ్బు ఉన్నవారికి న్యూరాలజిస్టులు తరచూ దానివైపు మొగ్గేది అందుకే.